ఇరాన్ ఫుట్‌సాల్: ఆసియాలో పదమూడు కప్పులు, ప్రపంచ కప్పు మాత్రం ఎందుకు రాలేదు?

ఫుట్‌సాల్ అంటే ఇండోర్ హాల్లో ఐదుగురేసి ఆడే చిన్న ఫుట్‌బాల్. దాని గురించి ఒకరు అడిగినది క్లుప్తంగా ఇదీ: "అన్నా, ఇరాన్ మామూలు ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో ఒక్కసారి కూడా మొదటి రౌండు దాటలేదు. అదే దేశం ఫుట్‌సాల్‌లో ఆసియా కప్పు పదమూడు సార్లు కొట్టిందంటున్నారు, నిజమేనా? అంత మొనగాళ్లయితే ఫుట్‌సాల్ వరల్డ్ కప్ ఎందుకు గెలవలేదు? మా తమ్ముడు హైదరాబాద్‌లో టర్ఫ్ మీద ఫైవ్స్ ఆడతాడు. అదీ ఫుట్‌సాలేనా?"

ముందు జవాబులు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. పదమూడు సార్లు అన్నది నిజమే. 1999 నుంచి 2024 దాకా ఆసియా ఫుట్‌సాల్ టోర్నమెంట్ పదిహేడు సార్లు జరిగితే ఇరాన్ 13, జపాన్ 4 గెలిచాయి. మూడో దేశం పేరే లేదు. వరల్డ్ కప్‌లో ఇరాన్‌కి దక్కిన పెద్ద ఫలితం 2016లో మూడో స్థానం. ఎందుకు గెలవలేదంటే, నా అభిప్రాయంలో ముఖ్య కారణం ఒకటే: ఆసియాలో వాళ్లకి ఆఖరి రెండు నిమిషాలు కష్టపడాల్సిన మ్యాచ్‌లు చాలా తక్కువ. వరల్డ్ కప్ నాకౌట్లు తేలేది ఆ రెండు నిమిషాల్లోనే. మీ తమ్ముడు ఆడేది ఫుట్‌సాల్ కాదు, దాని చుట్టం. దాని సంగతి చివర్లో చెబుతాను.

నా సంగతి ఒక ముక్క. మాది రాజంపేట దగ్గర. కువైట్ వచ్చి పద్నాలుగేళ్లయింది. పగలు ఒక స్కూల్లో పీఈటీ, సాయంత్రాలు పిల్లలకి ఫుట్‌సాల్ నేర్పిస్తాను. శుక్రవారాలు మనవాళ్ల టోర్నమెంట్లలో టైమ్ కీపర్‌గా బల్ల దగ్గర కూర్చుంటాను. ఇరాన్ వెళ్లలేదు. కానీ ఇక్కడ ఇరానీల పక్కన ఆడాను, వాళ్లతో ఓడాను, వాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

మొదట ఆట గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు. కోర్టు దాదాపు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోడలు ఉండవు, గీతలే. బంతి బయటికి పోతే కాలితోనే లోపలికి కొట్టాలి, అదీ నాలుగు సెకన్లలో. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, కానీ బంతి ఆగితే గడియారమూ ఆగుతుంది. అందుకే ఇక్కడ టైమ్ పాస్ చేసి గెలవడం కుదరదు. ఆటగాళ్లని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఒక భాగంలో జట్టు మొత్తం కలిపి ఐదు ఫౌళ్ల దాకా సరే. ఆరో ఫౌల్ నుంచి ప్రతిదానికీ అవతలి వాళ్లకి, ఆటగాళ్లు అడ్డంగా వరస కట్టకుండా, పది మీటర్ల దూరం నుంచి నేరుగా గోల్ మీద కొట్టే ఛాన్స్ వస్తుంది. ఈ ఆరో ఫౌల్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక ఇరాన్‌కి ఇది ఎలా పట్టుబడింది?

మా వీధి చివర ఇరానీ రొట్టెల అంగడి ఒకటుంది. పొయ్యి దగ్గర నిలబడే ఆయన్ని అందరం ఉస్తాద్ అంటాం. యాభై దాటిన మనిషి, కాస్త పొట్ట కూడా ఉంది. ఓ గురువారం రాత్రి మా జట్టులో ఒకడు తక్కువైతే, ఆయన ఏప్రాన్ విప్పేసి వచ్చాడు. పరిగెత్తలేదు. బంతి వస్తే అరికాలు పైన పెట్టి నొక్కి పట్టేవాడు. మా కుర్రాడు మీదికి వెళ్లేదాకా ఆగేవాడు. వాడు కాలు చాపగానే అరికాలితోనే బంతిని వెనక్కి లాగి పక్కకి జార్చేవాడు. మావాడు ఖాళీ చోటు మీదికి దూకి కింద పడేవాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, రోజూ జిమ్‌కి పోయేవాడు, అరగంటలో అలా నాలుగు సార్లు పడ్డాడు. ఆట అయ్యాక వాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇది ఎక్కడ నేర్చావయ్యా అంటే ఆయన నన్ను అంగడి వెనక్కి తీసుకెళ్లాడు. పిల్లలాడుకునే చారల ప్లాస్టిక్ బంతులు రెండు తెప్పించాడు. పిండి కోసే కత్తితో ఒకదాన్ని సగం దాకా చీల్చి, గాలి పోయిన ఆ తొక్కని రెండో బంతి మీద తొడిగాడు. సాక్సు తొడిగినట్టే. అంతే, తేలిక బంతి బరువైపోయింది, ఎగరడం మానేసింది. "రెండు పొరల బంతి" అన్నాడు. ఇరాన్ వీధుల్లో పిల్లలు దశాబ్దాలుగా దీనితోనే ఆడుతున్నారు. ఆ ఆటకి వాళ్ల పేరు గోల్ కూచిక్, అంటే చిన్న గోల్. సందులో రెండు చిన్న గోల్ పోస్టులు, లేకపోతే రెండు ఇటుకలు. చోటు ఇరుకు, గోల్ చిన్నది, బంతి నేలని వదలదు. గాల్లోకి కొడితే లాభం లేదు. దగ్గరికి పోవాలి, పాస్ ఇవ్వాలి, మనిషిని తప్పించాలి. మనం చిన్నప్పుడు సైకిల్ ట్యూబు ముక్కలు ఒకదాని మీద ఒకటి చుట్టి బంతి చేసుకోలేదూ? అదే తెలివి. కాకపోతే మనం దాన్ని ఏడు పెంకులాటకి విసిరాం, వాళ్లు కాలి కింద పెట్టుకున్నారు.

ఇప్పుడు అసలు ఫుట్‌సాల్ బంతి చూడండి. మామూలు ఫుట్‌బాల్ కంటే చిన్నది, నాలుగో సైజు, చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 50 నుంచి 65 సెంటీమీటర్ల మధ్యే లేవాలని రూలు. అంటే ఇరాన్ సందుల్లో పిల్లలు కత్తితో చేసుకున్న బంతికీ, అంతర్జాతీయ బంతికీ గుణం ఒకటే. ఎనిమిదేళ్లప్పుడు మొదలైన అలవాటు ఇరవై ఏళ్లప్పుడు మార్చుకోనక్కర్లేదు. పదకొండు మంది ఆటకి పెద్ద పచ్చిక మైదానం కావాలి, నీళ్లు కావాలి, దేశమంతా అకాడమీలు కావాలి. దీనికి సందు చాలు, ఆ తర్వాత ఒక ఇండోర్ హాలు చాలు.

అయితే సందు ఒక్కటే చాలదు. వీధి ఆట బ్రెజిల్‌లోనూ ఉంది, మన దగ్గరా ఉంది. ఇరాన్‌కి దాని పైన ఒక లీగ్ ఉంది. దేశమంతా క్లబ్బులు, జీతం తీసుకుని ఇదే వృత్తిగా ఆడే మనుషులు. ఇస్ఫహాన్ నుంచి గీతీ పసంద్, వర్జకాన్ రాగి గని పేరుతో వచ్చిన మెస్ సుంగున్ లాంటి పేర్లు ఆసియాలో ఫుట్‌సాల్ చూసే వాళ్లందరికీ తెలుసు. ఆసియా క్లబ్బుల ఛాంపియన్‌షిప్ 2010లో మొదలైతే మొదటి మూడేళ్లు మూడు వేర్వేరు ఇరాన్ క్లబ్బులు గెలిచాయి: ఫూలాద్ మహాన్, షహీద్ మన్సూరీ, గీతీ పసంద్. తర్వాత 2015లో తాసీసాత్ దర్యాయీ, 2018లో మెస్ సుంగున్. జపాన్ నుంచి నగోయా, థాయ్‌లాండ్ నుంచి చోన్‌బురి అంటూ ఒక్కో క్లబ్బే మళ్లీ మళ్లీ వచ్చింది. ఇరాన్ నుంచి గెలిచినవి ఐదు, ఐదూ వేరే క్లబ్బులు. జాతీయ జట్టు బలం ఎక్కడుందో నాకు ఈ లెక్కలోనే కనిపిస్తుంది. ఒకడు గాయపడితే వాడి వెనక ఇంకా ముగ్గురు సిద్ధంగా ఉంటారు.

మనుషుల్లో ఒక పేరు చెప్పక తప్పదు, వహీద్ షంసాయీ. జాతీయ జట్టుకి 392 గోల్స్. అవును, మూడంకెలే. ఆసియాలో చిన్న జట్ల మీద వేసినవి చాలా ఉన్నాయి కాబట్టి ఈ సంఖ్యని బ్రెజిల్ వాళ్ల లెక్కల పక్కన పెట్టి పోల్చకండి. కానీ చిన్న జట్ల మీదైనా 392 వేయడం మాటలు కాదుగా! ఆయనే తర్వాత కోచ్ అయ్యి 2024లో ఇరాన్‌కి పదమూడో కప్పు తెచ్చాడు. ఆయన తరం తర్వాత అలీ అస్గర్ హసన్‌జాదే, హుస్సేన్ తయ్యెబీ. తయ్యెబీ కజకిస్థాన్ క్లబ్బు కైరాత్‌కీ, పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికాకీ ఆడాడు. ఇలా బయటికి పోయినవాళ్లు తక్కువ. ఆ తక్కువ అన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక రికార్డు. ఇక్కడ నా సలహా ఒకటి. కప్పుల సంఖ్య చూడకండి, ఫైనల్లో గోల్స్ తేడా చూడండి. కథంతా అందులో ఉంది.

1999లో కౌలాలంపూర్‌లో మొదటి టోర్నమెంట్. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 9-1. 2001లో టెహ్రాన్‌లో ఉజ్బెకిస్థాన్ మీద 9-0. 2002లో జపాన్ మీద 6-0. అది ఫైనల్లా లేదు, ప్రాక్టీసులా ఉంది. మరుసటేడు అదే జపాన్ మీద 6-4. 2004లో మళ్లీ జపాన్, 5-3. 2005లో 2-0. గమనించారా, నాలుగేళ్లు వరసగా ఒకే జట్టు ఫైనల్లో వస్తోంది, ఓడిపోతోంది, ప్రతిసారీ ఏదో నేర్చుకుని పోతోంది. 2006లో సెమీఫైనల్లో ఇరాన్‌ని పడగొట్టి కప్పు ఎత్తుకుపోయింది. వరసగా ఏడు కప్పుల తర్వాత ఇరాన్‌కి అది మొదటి దెబ్బ.

ఇరాన్ కోలుకుంది. 2007లో జపాన్ వెళ్లి జపాన్ మీదే 4-1తో గెలిచింది. 2008, 2010 కూడా వాళ్లవే. కానీ లోకం మారిపోయింది. జపాన్ స్పెయిన్ నుంచి మిగెల్ రోద్రిగో అనే కోచ్‌ని తెచ్చుకుంది. ఆయన హయాంలో 2012, 2014 కప్పులు జపాన్‌కి పోయాయి. 2012లో ఇరాన్ అసలు ఫైనల్‌కే రాలేదు, థాయ్‌లాండ్ ఆపేసింది. 2014 ఫైనల్ 2-2తో ఆగి పెనాల్టీల్లో పోయింది. అదే రోద్రిగో పదేళ్ల తర్వాత థాయ్‌లాండ్ కోచ్‌గా 2024 ఫైనల్లో ఇరాన్ ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి బ్యాంకాక్‌లో, సొంత జనం ముందు 4-1తో ఓడాడు. ఫుట్‌సాల్ లోకం చిన్నది, అవే మొహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

మధ్యలో 2016, 2018 ఇరాన్‌వే. 2018 ఫైనల్లో జపాన్ మీద 4-0. 2020ది కోవిడ్ వల్ల జరగలేదు. 2022ది ఇక్కడే, కువైట్‌లో.

ఆ ఫైనల్ నేను హాల్లో కూర్చుని చూశాను. ఉస్తాద్ అంగడికి తాళం వేసి వచ్చాడు. నాకు తెలిసి ఆయన పండగ రోజు కూడా తాళం వేయడు. ఇరాన్ అందరినీ ఊడ్చేసుకుంటూ ఫైనల్‌కి వచ్చింది. మా చుట్టూ ఉన్న ఇరానీలకి గెలుపు మీద అనుమానం లేదు, ఎన్ని గోల్స్ తేడా అన్నదాని మీదే పందేలు. జపాన్ 3-2తో గెలిచింది. నాకు గుర్తున్నది గోల్స్ కాదు, చివరి నిమిషాల్లో ఉస్తాద్ మొహం. గడియారం ఆగినప్పుడల్లా లేచి నిలబడేవాడు, నడిస్తే కూర్చునేవాడు. బయటికి వచ్చాక కారు దాకా ఒక్క మాట లేదు. కారెక్కాక అన్నాడు: "మావాళ్లకి గెలుస్తూ ఆడటం తెలుసు. ఓడుతూ ఆడటం తెలీదు." ఈ జట్టు గురించి ఇంతకంటే సూటి మాట నేనెక్కడా చదవలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకి వద్దాం.

1992లో హాంకాంగ్‌లో జరిగిన వరల్డ్ కప్‌లో ఇరాన్ నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటికి ఆసియా టోర్నమెంట్ పుట్టనే లేదు. ఆ తర్వాత ప్రతి వరల్డ్ కప్‌లోనూ ఆడింది. 1996, 2000, 2004 మూడింట్లో మొదటి రౌండు దాటలేదు. ఇటు ఆసియాలో 9-0 కొడుతున్న కాలమే అది! 2008లో రెండో రౌండు దాకా. 2012లో కొలంబియా చేతిలో 2-1తో ఓటమి.

తర్వాత 2016. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇష్టం. కొలంబియాలో టోర్నమెంట్, కోచ్ నాజెమ్ అల్ షరియా. గ్రూపులో స్పెయిన్ 5-1తో ఉతికేసింది. ఎలాగోలా మూడో స్థానంతో నాకౌట్‌కి వస్తే ఎదురుగా బ్రెజిల్. అప్పటిదాకా జరిగిన ఏడు వరల్డ్ కప్పుల్లో ఐదు గెలిచిన జట్టు, ఏనాడూ మూడో స్థానం కంటే కిందికి పడని జట్టు. అందులో ఫాల్కావ్, చాలామంది దృష్టిలో ఈ ఆట చూసిన మహా ఆటగాడు. ఆ రోజు ఆయన హ్యాట్రిక్ కూడా కొట్టాడు. అయినా మ్యాచ్ 4-4. పెనాల్టీల్లో ఇరాన్ 3-2. బ్రెజిల్ ఇంటికి. తర్వాత జరిగింది దొరికితే తప్పకుండా చూడండి. ఫాల్కావ్‌కి అదే ఆఖరి వరల్డ్ కప్ మ్యాచ్ అని తెలిసి, గెలిచిన ఇరాన్ ఆటగాళ్లు ఆయన్ని ఎత్తుకుని గాల్లోకి ఎగరేశారు. సొంత గెలుపు పక్కన పెట్టి! ఈ క్లిప్ మా పిల్లలకి ఏటా చూపిస్తాను.

క్వార్టర్స్‌లో పరాగ్వే మీద 4-3. సెమీస్‌లో రష్యా చేతిలో 4-3తో ఓటమి. మూడో స్థానం కోసం పోర్చుగల్‌తో 2-2, మళ్లీ పెనాల్టీలు, మళ్లీ గెలుపు. ఐదేళ్ల తర్వాత ఆ పోర్చుగల్ ఛాంపియన్ అయింది.

2021 లిథువేనియా. ఉజ్బెకిస్థాన్‌తో 9-8 అనే వింత స్కోరుతో బయటపడి, క్వార్టర్స్‌లో కజకిస్థాన్ చేతిలో 3-2తో పోయింది. ఇక్కడో ముచ్చట చెప్పాలి. 2000 ఆసియా ఫైనల్లో ఇరాన్ 4-1తో ఓడించింది ఈ కజకిస్థాన్‌నే. ఆ తర్వాత వాళ్లు ఆసియా వదిలి యూరప్ సమాఖ్యలో చేరారు. అక్కడ స్పెయిన్, రష్యా, పోర్చుగల్ లాంటి వాళ్లతో తన్నులు తింటూ పెరిగారు. బ్రెజిల్‌లో పుట్టిన ఆటగాళ్లకి పౌరసత్వం ఇచ్చుకున్నారు. వాళ్ల గోల్‌కీపర్ హిగీటా గోల్ వదిలి సగం కోర్టు దాటి వచ్చి ఐదో ఆటగాడిగా ఆడేవాడు. ఇరాన్ ఆసియాలో కప్పులు కొడుతూ ఉండిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు ఎవర్ని ఓడించారో చూశారుగా.

2024 ఉజ్బెకిస్థాన్. గ్రూపులో మూడుకి మూడు గెలిచింది. అందులో ఫ్రాన్స్ కూడా ఉంది. తర్వాత నాకౌట్ మొదటి మ్యాచ్‌లోనే మొరాకో చేతిలో 4-3. ఇరాన్ చేతిలో ఓడిన ఫ్రాన్స్ సెమీఫైనల్ ఆడింది, ఇరాన్ ఇంటికి పోయింది.

వరసగా పెట్టి చూడండి: 2-1, 4-3, 3-2, 4-3. నాలుగు వరల్డ్ కప్పులు, నాలుగు నాకౌట్ ఓటములు, అన్నీ ఒక్క గోల్ తేడాతోనే. చెత్త జట్టు అయితే ఇలా ఓడదు. ఛాంపియన్ జట్టు అయితే నాలుగు సార్లూ ఓడదు.

ఒక్క గోల్ తేడా దగ్గర పనికొచ్చేది వేరే విద్య. ఆఖరి మూడు నిమిషాల్లో ఓడుతున్న జట్టు గోల్‌కీపర్ చొక్కా ఒక ఆటగాడికి తొడిగి ముందుకి పంపిస్తుంది. దాన్ని ఫ్లయింగ్ గోల్‌కీపర్ అంటారు. ఐదుగురి మీద నలుగురు కాపాడుకోవాలి. గెలుస్తున్న జట్టుకి అప్పుడు తొందర పనికిరాదు, బంతి దొరికితే ఖాళీ గోల్ కనిపిస్తుంటుంది కదా అని దూరం నుంచి కొట్టేయాలనిపిస్తుంది. తప్పితే బంతి మళ్లీ అవతలి వాళ్లదే. యూరప్ జట్లు ఈ పరిస్థితిని ఏడాది పొడుగునా అనుభవిస్తాయి. ఎందుకంటే వాళ్ల క్వాలిఫయర్లే ఒక్క గోల్ తేడా మ్యాచ్‌లు. ఇరాన్ ఆసియాలో మూడు నాలుగు గోల్స్ ముందుండి చివరి నిమిషాలు గడిపేస్తుంది. ఇది మన ఇళ్లలో చూసే పరీక్షల కథ లాంటిదే. స్కూల్లో అన్నిట్లో ఫస్ట్ వచ్చే పిల్లాడు ఎంట్రన్స్ హాల్లో ఒక లెక్క రాకపోతే టెన్షన్ పడి మిగతావీ పోగొట్టుకుంటాడు.

ఫౌళ్ల లెక్క కూడా అంతే. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మూడేళ్ల కిందట ఇక్కడ మనవాళ్ల టోర్నమెంట్ ఒకదానిలో బల్ల దగ్గర నేనే ఉన్నాను. రెండో భాగంలో ఒక జట్టు ఐదో ఫౌల్ చేసింది. నేను పక్కవాడు ఇచ్చిన టీ అందుకుంటూ దాన్ని రాసుకోలేదు. నాలుగే అనుకున్నాను. నిమిషం తర్వాత వాళ్లు ఇంకోటి చేశారు, అది నిజానికి ఆరోది. పది మీటర్ల షాట్ రావాలి, రాలేదు. ఆ జట్టే ఒక గోల్‌తో గెలిచింది. రాత్రి వీడియో చూసుకుని ఓడినవాళ్లు ఫోన్ చేశారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత బల్ల దగ్గర టీ తాగడం మానేశాను. ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద జట్ల ఆటగాళ్లకి ఆ లెక్క బల్ల వైపు చూడకుండానే తెలిసి ఉంటుంది. నాలుగో ఫౌల్ అయ్యాక వాళ్ల కాళ్లు మారిపోతాయి, టాకిల్ చేయరు, దారి మాత్రమే మూస్తారు. 2-1, 4-3 మ్యాచ్‌లు ఇలాంటి చోట్లే చేజారతాయి.

మిగతా కారణాలు త్వరగా: ఆటగాళ్లు ఎక్కువమంది సొంత లీగ్‌లోనే ఉండిపోతారు, తయ్యెబీ లాంటి వాళ్లు కొద్దిమందే. ఆంక్షల వల్ల పెద్ద జట్లతో స్నేహపూర్వక మ్యాచ్‌లు కుదుర్చుకోవడం వాళ్లకి ఎప్పుడూ తలనొప్పే. ఇక అవతలి వైపు బ్రెజిల్ ఆటగాళ్లు సగం యూరప్ జట్లలో కనిపిస్తారు. ఇరాన్ మాత్రం సొంత గడ్డ మీద పుట్టినవాళ్లతోనే ఆడుతుంది. నాకు వ్యక్తిగతంగా ఇది గొప్పగా అనిపిస్తుంది, కానీ కప్పుల లెక్కలో గొప్పకి మార్కులుండవు.

ఒక జాగ్రత్త. "ఫుట్‌బాల్‌లో ఎందుకూ పనికిరారు" అన్నట్టు అడిగారు, అది సరి కాదు. ఆసియాలో ఇరాన్ పదకొండు మంది జట్టు ఎప్పుడూ ముందు వరసలోనే ఉంది. 1968, 1972, 1976లో ఆసియా కప్పు గెలిచింది. వరల్డ్ కప్ గ్రూపు దాటకపోవడం వేరే సంగతి.

ఇంకొకటి, ఆడవాళ్ల జట్టుని మర్చిపోకండి. ఆసియా మహిళల ఫుట్‌సాల్ టోర్నమెంట్ మొదటి రెండు సార్లూ, 2015లోనూ 2018లోనూ, ఇరానే గెలిచింది. రెండు ఫైనళ్లలోనూ ఓడింది జపానే. 2015లో జట్టు కెప్టెన్ ఆ టోర్నమెంట్‌కి వెళ్లలేకపోయింది, భర్త పాస్‌పోర్టుకి సంతకం పెట్టలేదు. ఆమె లేకుండానే మిగతావాళ్లు 1-0తో గెలిచారు. మగవాళ్ల రికార్డు గురించి ఇంత రాసి దీన్ని ఒక పేరాలో ముగించడం అన్యాయమే, కానీ మీరు అడిగింది వాళ్ల గురించి.

మనవాళ్ల సంగతి? ఇండియాకి ఫుట్‌సాల్ జాతీయ జట్టు మొదటిసారి బరిలోకి దిగింది 2023లోనే. 2025 సెప్టెంబర్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్లకి కువైట్ వచ్చారు. కువైట్, ఆస్ట్రేలియా చేతుల్లో ఓడి, మంగోలియా మీద 3-0తో గెలిచారు. మన దేశానికి ఫుట్‌సాల్‌లో అదే మొదటి అంతర్జాతీయ గెలుపు. అప్పటి కోచ్ ఎవరనుకున్నారు? రెజా కోర్దీ, ఇరానీయే. ఈ మాట చెబితే ఉస్తాద్ ఆ రోజు రొట్టెలకి డబ్బులు తీసుకోలేదు.

ఇక మీ తమ్ముడి టర్ఫ్. ఫైవ్స్ ఆడటం మంచిదే, ఆపమని చెప్పను. కానీ ప్లాస్టిక్ గడ్డి మీద, చుట్టూ వల కట్టి, ఐదో సైజు బంతితో ఆడేది ఫుట్‌సాల్ కాదు. వలకి కొట్టి బంతి తిరిగి తెచ్చుకోవడం అలవాటైతే, గీత దగ్గర బంతిని ఆపడం ఎప్పటికీ రాదు. గడ్డి మీద బూటు పట్టు వేరు, చెక్క నేల మీద వేరు. నిజంగా నేర్చుకోవాలనుకుంటే వారానికి ఒక రోజైనా గట్టి నేల ఉన్న చోటు చూసుకోమనండి. బాస్కెట్‌బాల్ కోర్టు అయినా చాలు, బ్యాడ్మింటన్ హాలు వాళ్లు ఒప్పుకుంటే ఇంకా మంచిది. బూట్లకి అడుగున ముళ్లు ఉండకూడదు. అన్నిటికంటే ముందు నాలుగో సైజు తక్కువ ఎగిరే బంతి కొనిపెట్టండి. పెట్టె మీద ఫుట్‌సాల్ అని రాసి మామూలు బంతి అంటగట్టే అంగళ్లు ఉన్నాయి, నేనూ ఒకసారి ఆరు బంతులు కొని మోసపోయాను. అంగట్లోనే నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలి చూడండి. మోకాలు దాటి లేచిందంటే తిరిగిచ్చేయండి.